నాలుగో గాజుల డబ్బా

ఫ్లెక్సీ కొట్టినవాడికి కళ్లున్నాయో లేవో. మా గల్లీ మొదట్లో కట్టాడు, మీరూ చూసే ఉంటారు. ఫొటోను ఎడమ అంచుకు నెట్టేసి, కుడివైపు బర్రె పడుకునేంత జాగా వదిలేశాడు. పాలవ్యాపారం చేసినవాణ్ని, నాకు బర్రె కొలతే వస్తుంది. ఆ ఫొటోలో ఉన్నది మా పక్కింటి గాజుల వదిన. మంగళవారం పొద్దున వాకిలి ఊడ్వడానికి చీపురు పట్టుకుని వచ్చి, గడప మీదే కూలబడింది. మళ్లీ లేవలేదు. బతికి ఉంటే వాణ్ని నిచ్చెనెక్కించి మరీ సరిచేయించేది.

మాకు చుట్టరికం లేదు. గోడకు గోడ ఆనుకుని ఉన్నందుకు నేను వదినా అన్నాను, ఆమె మరిదీ అంది. పత్తర్‌గట్టి బజార్లో ఆమెకు చిన్న గాజుల దుకాణం. జాగా ఖాళీ చేయమన్నాడు దాని యజమాని. ఇక ఇంట్లోనే అమ్ముకుంటానంది. కానీ పాత గిరాకీకి ఆ సంగతి తెలిసేదెలా? ఫోన్ తెరిస్తే తన దుకాణం కనబడాలి, అదీ తన చేత్తో సర్దినట్టే ఉండాలి. అందుకని డిగ్రీ చదివే నా మనవరాలి ముందు కూర్చుని వెబ్ పేజీ రాయడం మొదలుపెట్టింది. పక్కన నేనూ కూర్చున్నాను, ఆటపట్టించడానికి.

"ఏంది వదినా, గీ వయసుల గీ లొల్లి? ఇంగ్లీషు అచ్చరాలు కనబడ్తున్నయా?"

"నీకైతే బర్రెలే సక్కగ కనబడయ్. జర జరుగు, ఎలుతురు రానియ్."

మొదటి రోజు ఒక డబ్బా గీయమంది మనవరాలు. వెడల్పు రాయాల్సిన చోట వదిన 2-6 అని కొట్టింది. డబ్బా రాలేదు.

"అమ్మమ్మా, గీ రెండు ఆరు ఏంది?"

"గాజు సైజు బిడ్డా. మస్తు మంది చేతులకు గదే వడ్తది."

మేం ఇద్దరం పడీ పడీ నవ్వాం. వదిన నవ్వలేదు. "గట్లయితే నీ కంప్యూటర్ చెయ్యి ఎంత లావుంటదో నువ్వే చెప్పు," అంది.

ఆ తర్వాత మాత్రం నన్ను దాటిపోయింది. డబ్బా లోపల ఎంత ఖాళీ ఉండాలి, డబ్బాకూ డబ్బాకూ మధ్య ఎంత సందు ఉండాలి అన్నది నాకు ఎంతకీ ఎక్కలేదు. సందు కాస్త ఎక్కువైనా చివరి డబ్బా కింది వరసలోకి జారుతుందని మనవరాలు చెప్పిన ముక్క ఒక్కటే గుర్తుండిపోయింది. జీవితమంతా డబ్బాల్లో కాగితం కుక్కి గాజులు సర్దిన మనిషికి అది చెప్పాల్సిన పనే లేకపోయింది. "గాజుకు గాజు తగలొద్దు మరిదీ. నడుమ గాలి ఆడాలె," అనేది.

ఇంకో అలవాటుండేది. అంకె మార్చి సేవ్ కొట్టాక వెంటనే తెర చూసేది కాదు. లేచి మా వాకిట్లోకి వెళ్లి, కాసేపు నిలబడి వచ్చేది. "సర్దినోళ్ల కంటికి తప్పు దొరకది. బయటికి వోయి, గిరాకి లెక్క లోపలికి రావాలె," అనేది. దుకాణంలోనూ అంతే. అద్దాల అర సర్ది, రోడ్డు మీదికి దిగి, ఆటోలు హారన్లు కొడుతున్నా నిలబడి చూసేది.

ఆమె కోరిక చిన్నది. మట్టిగాజులు, లక్కగాజులు, రాళ్లగాజులు, చంటిపిల్లల నల్లగాజులు. నాలుగు డబ్బాలూ ఒక్క వరసలో నిలబడాలి. అవి నిలబడ్డాకే దుకాణం తాళంచెవి యజమానికి ఇస్తానని పట్టుబట్టింది. సోమవారం సాయంత్రం, మనవరాలు ఇంట్లో లేనప్పుడు, మధ్య సందు అంకె మార్చి, సేవ్ కొట్టి, వాకిట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చి చూస్తే మూడు పైన, నల్లగాజులు ఒక్కటే కింది వరసలో.

రంగులు మార్చింది, బొమ్మలు మార్చింది. కొంగుతో తెర తుడిచింది. నల్లగాజులు కదల్లేదు.

"నా చేతగాదేమో మరిదీ," అంది చివరికి. ఆ గొంతు ఆమెది కాదనిపించింది.

"ఫికర్ ఎందుకు వదినా, రేపు సూద్దం తీ," అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

పదో రోజు అయ్యాక నేనే ఆ పేజీ తెరిచాను. సందు పదకొండు అని ఉన్నచోట పది కొట్టి, సేవ్ చేసి, వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను. గిరాకీ లాగా లోపలికి వచ్చి చూశాను. నల్లగాజులు పైకెక్కి, మిగతా మూడింటి పక్కన బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

వదిన పది అనే రాసింది. ఆమె వాకిట్లో నిలబడ్డ ఆ కాసేపట్లో దాన్ని పదకొండు చేసింది నేను.