నా వేలి మీద నడిచిన పదమూడు నంబర్లు

“ఇకమీద నా పనికి నీ వేలు వద్దక్కా.”

“సరే, అనసూయా.”

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరు మాటలు ఇవే. అది మూడేళ్ల కిందటి వానాకాలం. సోలాపూర్ నీలం నగర్‌లో మా ఇంటి ముందు గదే నా దుకాణం. రీచార్జ్ చేస్తాను, కొత్త సిమ్‌లు ఇస్తాను. మా ఆయన పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేసేవాడు. ఆయన పోయాక ఈ పని పట్టుకున్నాను. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు అంతంత మాత్రం. నేను చెబుతుంటే మా కోడలు సువర్ణ రాస్తున్నది.

సిమ్ ఇవ్వాలంటే బయోమెట్రిక్ కావాలి. కొనేవాళ్లు చిన్న మిషన్ మీద వేలు పెడితే, ఆధార్‌లో ఉన్న వేలిముద్రతో అది పోల్చి చూస్తుంది. మా దగ్గర ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఆకును, తంబాకును ఏళ్ల తరబడి నలిపిన బొటనవేలి మీద గీతలు మిగలవు. మిషన్ ఎర్ర దీపం చూపిస్తుంది. పని మానుకొని వచ్చిన మనిషిని ఉత్త చేతులతో ఎలా పంపను? నా వేలు పెట్టి, నా పేరు మీద సిమ్ తీసి ఇచ్చేదాన్ని. అది నియమం కాదని తెలుసు. ఉపకారం అనుకున్నాను.

అనసూయ చేతిలో ఉన్నదీ అలాంటి సిమ్మే. ఆమె మా పక్కింటిది, రెండిళ్లకూ గోడ ఒక్కటే. ఆమె భర్త మొగిలయ్య సముద్రం నడుమ ఉన్న ఒక చిన్న దేశంలో హోటల్ బట్టలు ఉతికే పనికి వెళ్లాడు. ఆ దేశం పేరు నోరు తిరగక మేము ‘దీవులు’ అనేవాళ్లం. రోజూ సాయంత్రం అతనే ఫోన్ చేసేవాడు. అనసూయకు ఎత్తడమే అలవాటు. తానుగా ఎవరికీ చేసేది కాదు.

ఒక సోమవారం నుంచి ఫోన్ రాలేదు. మూడో రోజు దుకాణానికి వచ్చింది.

“అక్కా, జరా చూడు. ఫోన్ ఖరాబైందా ఏంది?”

చూశాను. టవర్ గీతలు నిండుగా ఉన్నాయి. రీచార్జ్ అయిపోలేదు. “నీది మంచిగనే ఉంది. ఆయనదే బంద్ ఉన్నట్టుంది,” అన్నాను. నా ఫోన్ నుంచి మొగిలయ్య నంబరు కొట్టాను. తెలియని భాషలో ఒక ఆడగొంతు ఏదో చెప్పి పెట్టేసింది. నా మాటే నిజమనుకున్నాను.

వారం గడిచింది. అనసూయ అత్త రాజవ్వ వాకిట్లో నిలబడి, “తువ్వాళ్లు మడత పెట్టబోయిండా, ఆడ ఇంకో సంసారం పెట్టిండా?” అన్నది. టీవీలో సముద్రం మీద తుఫాను చూపించిన రోజు నుంచి ఆ ముసలామె కూడా ఆ మాట మానేసి దేవుడికి దీపం పెట్టసాగింది. అనసూయ చుట్టిన బీడీలు విప్పి మళ్లీ చుట్టేది.

పదహారో రోజు నా గడప మీద కూర్చుంది.

“అక్కా, బావ పోయిన దినం నీకు ముందే ఏమన్న అనిపించిందా?”

“లేదు బిడ్డా. అప్పుడు నేను వంకాయలు కోస్తున్న.”

“నాక్కూడ ఏం అనిపిస్తలేదు,” అన్నది.

భవాని పేట్‌లో ఒకామె తమ్ముడు అదే దీవిలో వంటపని చేస్తాడని తెలిసి మరునాడు ఇద్దరం వెళ్లాం. ఆమె అతనికి ఖబర్ పెట్టింది. తెల్లవారి అతను మొగిలయ్యను పక్కన కూర్చోబెట్టుకొని నా ఫోన్‌కు చేశాడు.

“వదినె, నేను దినాం చేస్తున్న. ఆమెకు ఫోనే పోతలేదు. ఏమైంది నా పెండ్లానికి?” అన్నాడు మొగిలయ్య. ఏడుస్తున్నాడు. అనసూయ ఫోన్ లాక్కొని, “ఉన్న, నేను మంచిగనే ఉన్న” అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది.

తర్వాత సంగతంతా తెలిసింది. అతని పాత నంబరు, ఇదివరకు అదే గదిలో ఉండి ఊరికి వెళ్లిపోయిన మరొకరి పేరు మీద ఉంది. వాడే మనిషి పేరు మీదే నంబరు ఉండాలని, పాస్‌పోర్టు చూపని లైన్లన్నీ అక్కడి ఫోన్ల సర్కారు ఆఫీసు ఆపించింది. మొగిలయ్య పాస్‌పోర్టు హోటల్ యజమాని దగ్గర ఉండేది. సర్కారు ఉత్తర్వు చూపిస్తే ఇవ్వక తప్పలేదు. నాలుగో రోజుకే మొగిలయ్యకు తన పేరు మీద కొత్త నంబరు వచ్చింది. పాత సిమ్‌తో పాటు నంబర్లన్నీ పోయాయి. భార్యది మాత్రం నోటికొచ్చు. దానికే రోజూ కొడుతున్నాడు. తప్పు అటువైపే అనుకొని ఆ దేశం వాళ్లను నేను అన్ని రోజులూ తిడుతూ వచ్చాను.

అప్పుడు నా ఫోన్ నుంచి అనసూయ నంబరు కొట్టాను. ఆమె దుకాణానికి వచ్చిన మొదటి రోజే చేయాల్సిన పని అది. ఆమె ఫోన్ నా ముందే ఉంది, మోగలేదు. ఈ నంబరుకు ఇన్‌కమింగ్ లేదని, అంటే బయటి కాల్స్ రావని, నా ఫోన్‌లో ఒక గొంతు మరాఠీలో చెప్పింది.

కంపెనీ ఆఫీసుకు పోయి అడిగాను. ఒకరి పేరు మీద తొమ్మిది నంబర్లకు మించి ఉండకూడదట. నా పేరు మీద పదమూడు ఉన్నాయి. ఏవి ఉంచుకుంటారో చెప్పమని ముందే మెసేజ్‌లు పంపారట. అవి ఇంగ్లీషులో వచ్చాయి. ప్రచారం అనుకొని నా చేత్తోనే తీసేశాను. మొగిలయ్య ఫోన్ ఆగిన ఆ వారంలోనే నావి నాలుగు ఆపేశారు. వాటిలో మూడు ఎవరూ వాడనివి. నాలుగోది అనసూయది.

ఇంటికి వచ్చి చెప్పాను. “దీవులోళ్ల తప్పు కాదు అనసూయా. నీ నంబరు నా పేరు మీద ఉన్నందుకు బంద్ అయింది. వాళ్లు చెప్పిన్రు, నేను చదివించుకోలె.”

“ఇన్ని దినాలు నీ ముందల్నే కూసున్న గదక్కా,” అన్నది.

కొత్త సిమ్ కోసం ఆమె చేతులు సబ్బుతో కడిగించాను. కొబ్బరినూనె రాసి తుడిచి, ఒక్కొక్క వేలే మిషన్ మీద పెట్టించాను. ఎనిమిది వేళ్లకు ఎర్ర దీపమే. ఎడమ చిటికెన వేలికి పచ్చ దీపం వెలిగింది. పావుగంట కూడా పట్టలేదు. అన్నేళ్లలో నేను ఎవరినీ చిటికెన వేలు అడగలేదు. ఆమె సిమ్ వేసుకొని లేచింది. మొదట చెప్పిన ఆ మాట అన్నది, వెళ్లిపోయింది.

పోగు తెగితే ముందు నీ మగ్గం చూసుకో, తర్వాత నూలు అమ్మినోన్ని తిట్టు అనేవాడు మా ఆయన. ఇప్పుడు ఎవరు ఫోన్ తెచ్చినా ముందు దానికే రింగ్ ఇస్తాను. పది వేళ్లూ అయ్యేదాకా ఎవరినీ లేవనివ్వను. మిగిలిన నంబర్లు ఎవరివి వాళ్ల పేరుకు మార్పించాను.

సువర్ణా, రాసింది చాలు. మొదటి నుంచి చదువు. జరా గట్టిగ చదువు బిడ్డా, గోడ అవతలికి వినబడాలె.