గిట్టలు లేని దూడలు

పాప నిద్రపోయింది. రాసుకోవడానికి నాకు దొరికే టైము ఇదొక్కటే. రెండు పేరాలకోసారి లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తాను.

నేను చేసే పని పాత ఎముకలు చూడడం. రేపల్లె దగ్గర ఒక దిబ్బను తవ్వితే కుండపెంకులతో పాటు బస్తాలకొద్దీ జంతువుల ఎముకలు బయటపడ్డాయి. వాటిని బాపట్లలో ఒక కాలేజీ వెనక గదిలో పెట్టారు. ఏ ఎముక ఏ జంతువుది, దాని వయసెంత, కత్తిగాటు ఉందా, కుక్క కొరికిందా, ఇవన్నీ చూసి పట్టికలో రాయాలి. ఎప్పుడో ఆ ఊళ్ళో బతికినవాళ్ళు ఏం తిన్నారో, ఏం పెంచారో దాన్నిబట్టి తెలుస్తుంది. మా గైడు మేడమ్ నా పీహెచ్‌డీకి ఈ పని ఇచ్చారు. మధ్యలో కాన్పు వచ్చింది. పాపకి అయిదో నెల రాగానే మళ్ళీ మొదలుపెట్టాను. వారానికి నాలుగు రోజులు తెనాలిలో పొద్దున రైలెక్కడం, సాయంత్రానికి తిరిగి రావడం.

పాప సీసా పట్టదు. డబ్బాపాలు నోట్లో పడితే నాలుకతో బయటికి తోసేస్తుంది. నేను లేనంతసేపూ మా అత్తయ్య దాన్ని భుజాన వేసుకుని వరండాలో తిప్పుతారు. నేను వచ్చాకే దాని కడుపు నిండాలి. నాకేమో పాలు రోజురోజుకీ తగ్గుతున్నాయి. డాక్టరుగారు పాపని తూచి, "పోయిన నెల ఎంతో ఇప్పుడూ అంతేనమ్మా" అన్నారు. నా పాలు ఆగిపోయేలోపు అది ఇంకో పాలకి అలవాటు పడాలి, లేదంటే నేను ఇంట్లో కూర్చోవాలి. రైల్లో ఉన్నంతసేపూ ఇదే తలలో తిరిగేది. ఏడుపు వచ్చేది కాదు. పక్కగదిలో ఎవరో ఫ్యాను ఆపడం మర్చిపోయినట్టు అదలా తిరుగుతూ ఉండేది, అంతే.

తీయకపోతే ఇంకా తగ్గిపోతాయని, బాపట్లలో మధ్యాహ్నం ఒంటిగంటకి గది తలుపు గడియ పెట్టి పంపుతో పాలు తీసేదాన్ని. ఊరికే కూర్చుంటే చుక్క రాదు. ఫోన్లో పాప వీడియో పెట్టుకోవాలి. నవ్వేదానికి రావు, ఏడ్చేదానికే వస్తాయి. తీసిన పాలు ఆ గది వేడికి సాయంత్రం దాకా నిలవుండవు కాబట్టి పారబోయాల్సిందే. "నలుగురూ తొక్కేచోట పోయకమ్మాయ్, చెట్టు మొదట్లో పొయ్యి" అని అత్తయ్య ముందే చెప్పారు. గది వెనక కానుగచెట్టు ఉంది. అక్కడ పోసేదాన్ని.

ఆ నెల నా బల్ల మీదికి వచ్చినవి దూడల ఎముకలు. పుట్టిన కొద్దిరోజులకే చచ్చిపోయినవి. పాలపళ్ళు ఏమాత్రం అరగలేదు. కాళ్ళ ఎముకల చివరలు ఇంకా అతుక్కోలేదు. కాలి కింది భాగంలో చుట్టూ గీసినట్టు సన్నటి కత్తిగాట్లున్నాయి. గిట్టల ఎముకలు ఒక్కటీ లేవు. పట్టికలో 'మాంసం కోసం కోసినవి' అని రాశాను. రాసేటప్పుడు గడియారం వంక చూస్తున్నాను. ఇంకో పది నిమిషాల్లో స్టేషనుకి బయల్దేరాలి.

మేడమ్ సంతోషించారు. "అంత లేతదూడల్ని తిన్నారంటే పాలు తమకి మిగుల్చుకున్నారన్నమాట. నీ చాప్టర్‌కి ఇదే గట్టి పాయింటు. నెలాఖరుకి ఇచ్చెయ్యి" అన్నారు.

మా ఇంటికి అమృతలూరు వైపు నుంచి ఒక పెద్దావిడ పాలు తెస్తుంది. ఆ ఆదివారం అత్తయ్య గిన్నె పట్టుకుని ఆవిడ్ని అడిగారు.

"పిన్నీ, మా కోడలికి పాలు తగ్గిపోతున్నాయి. ఏం పెట్టమంటావ్?"

"వెల్లుల్లి పెట్టావా? బొప్పాయికాయ కూర?"

"అన్నీ అయినాయి. సొరచేప పిట్టు కూడా అయింది."

"అయితే బిడ్డ దగ్గర లేకే. మా గేదె కూడా దూడ పోయిన కాణ్ణించీ పాలు ఎగబట్టింది. సూది పొడిస్తేగానీ చేపట్లా, పాలు దిగట్లా."

"బాగుంది, నా కోడల్ని గేదెతో కలిపావా!"

"గేదె నయం. పొద్దున్నే రైలెక్కదు."

పాపని ఎత్తుకుని నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఇద్దరూ నావైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

"సూదులు లేనప్పుడు ఏం చేసేవాళ్ళు మామ్మా?" అని అడిగాను.

"గడ్డిదూడని చేసేవాళ్ళం. చచ్చిన దూడ తోలు తీయించి, ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టేవాళ్ళం. పైన కాస్త ఉప్పునీళ్ళు చల్లి ముందర పెడితే గేదె నాక్కుంటా చేపేది."

"అది బతికున్న దూడ కాదని దానికి తెలీదా?"

"తెలీకేం. తెలిసినా నాకుద్ది. నీలాగా చదువుకోలేదుగా, అనుమానాలుండవ్."

అది విన్నప్పుడు నాకు ఏదో ఒకటి అనిపించాల్సింది. ఏమీ అనిపించలేదు. "తోలు తీసేటప్పుడు గిట్టలు ఏం చేస్తారు?" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి వింతగా చూసింది. "తోలుతోనే ఉంచుతారు. తీసేస్తే కాళ్ళలోంచి గడ్డంతా కారిపోదూ? పై కీలు దగ్గర చుట్టూ గీసి ఊడదీస్తారు. మిగతాది పాతిపెట్టేయడమే. పసిదూడని ఎవరు తింటారమ్మా?"

సోమవారం వెళ్ళి ఆ సంచులు మళ్ళీ విప్పాను. పెద్ద ఎముకలన్నీ ముక్క కాకుండా ఉన్నాయి. తినేవాళ్ళయితే మూలుగ కోసం పగలగొడతారు. పట్టిక రాసినప్పుడే నేను ఇది చూశాను. చూసి కూడా రైలు టైమవుతోందని రాసేసి వెళ్ళిపోయాను. మేడమ్‌కి ఫోన్ చేసి, ఇవి తిన్న దూడలు కావు, గడ్డిదూడల కోసం తోలు తీసినవని చెప్పాను.

"పాలావిడ చెప్పిందని థీసిస్‌లో రాస్తావా?" అన్నారు.

"ఆవిడ చెప్పిందని కాదు మేడమ్. ఎముకలు పగలగొట్టలేదు. మాంసం ఉండేచోట ఒక్క గాటూ లేదు. గిట్టలు లేవు."

"గిట్టలు చిన్నవి. తవ్వేటప్పుడు మట్టిలో పోయుండొచ్చు."

"మేకల గిట్టలు దొరికాయండి. అవి ఇంకా చిన్నవి."

"అయితే దూడలున్న బస్తాలన్నీ మళ్ళీ మొదట్నుంచి చూడాలి. రోజూ వెళ్ళాలి. నీకు ఇంట్లో కుదురుతుందా?"

"కుదురుతుందండి" అన్నాను. ఎలా కుదురుతుందో నాకు తెలీదు.

వారానికి ఆరు రోజులు వెళ్ళడం మొదలుపెట్టాను. సాయంత్రం ఇంటికి రాగానే పాపకి పట్టేదాన్ని. కాసేపు తాగి వదిలేసేది. పాలు రాక విసుగొచ్చి వదిలేస్తోందనుకున్నాను. రెండో వారంలో ఒక రోజు ఒంటిగంటకి పంపు పెట్టుకుంటే ఏమీ రాలేదు. ఏడ్చే వీడియో మూడుసార్లు పెట్టాను. నాలుగోసారి కూడా పెట్టాను. సీసా అడుగు తడవలేదు. పంపు కడిగి, తుడిచి, సంచిలో పెట్టాను. తర్వాత పదకొండు దవడలు కొలిచాను. కొలతలు సరిగ్గానే రాశాను.

రైలు చుండూరు దాటాక, ఇంట్లో ఏం చెప్పాలా అని ఆలోచించాను. రేపటి నుంచి వెళ్ళనని చెప్పాలి. మేడమ్‌కీ అదే చెప్పాలి. వాక్యం కూడా అనుకున్నాను.

గుమ్మంలోంచి చూస్తే పాప అత్తయ్య ఒళ్ళో ఉంది. ఆవిడ చిన్న స్టీలుగిన్నె అంచు దాని పెదవికి ఆనించి డబ్బాపాలు పడుతున్నారు. అది గుటకలు వేస్తోంది. నన్ను చూసి అత్తయ్య గిన్నె దించబోయారు.

"తాగుతోందా?" అన్నాను.

"సీసా అయితే పట్టదు. గిన్నెతో అయితే తాగుతుంది. వారమయింది."

"నాకు చెప్పలేదేంటి అత్తయ్యా?"

"చెబితే ఇంక నీకు పాలు రావేమోనని." ఆవిడ తలెత్తలేదు. "అది ఏడుస్తోందనుకుంటేనన్నా వస్తాయనుకున్నాను."

ఇవాళ్టితో ఆగిపోయాయని చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నేను చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాను. నీళ్ళెన్ని, పొడి ఎన్ని చెంచాలు అని అడిగి, డబ్బా మీద రాసినదాంతో సరిచూసుకున్నాను. పాప నావైపు ఒకసారి చూసి గిన్నె వైపు తిరిగింది.

"రేపట్నుంచి ఇంకా ముందు రైలుకే వెళ్తాను. బస్తాలు చాలా ఉన్నాయి" అన్నాను.

"సరే" అని, అత్తయ్య గిన్నె మళ్ళీ దాని పెదవికి ఆనించారు.