వైకుంఠం గారి ఆవు మెట్లెక్కదు

మొఘల్‌పురాలో పూజా సామగ్రి అమ్మే వైకుంఠం గారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. గల్లీలో ఎవరు కొత్త ఇల్లు కట్టినా, ఆయన ఆవు గంగ ఒక్క మెట్టూ ఎక్కకుండా అందులోకి నడిచి వెళ్ళాలి. మెట్టు కనిపించిందా, ఆవు రాదు, ఆయన రారు, ఆయన కొట్లోంచి కొబ్బరికాయ కూడా రాదు. ముహూర్తాలు పెట్టే పంతులు గారు కూర్చునేది ఆ కొట్టు అరుగు మీదే కాబట్టి, ఇందులో ఏ ఒక్కటి తగ్గినా ఆ గృహప్రవేశం గల్లీలో చెల్లదు.

మెట్లు లేకుండా కట్టడం ఇక్కడ తేలిక కాదు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పరుస్తారు. రోడ్డు లేచిందని ఇళ్ళు లేస్తాయి. ఇళ్ళు లేచాయని రోడ్డుకు రోషం వస్తుంది. ఈ లెక్కన మొఘల్‌పురా మొత్తం బొందితో స్వర్గానికి చేరే రోజు దగ్గర్లోనే ఉంది. అందుకని జనం గృహప్రవేశం నాడు మెట్ల మీద రెండు చెక్కలు పరిచి, గంగను ఎక్కించి, దించి, అది సందు మలుపు తిరిగేలోగా చెక్కలు తీసేసేవారు.

ఆ చెక్కల రాకపోకలను చీరలకు ఫాల్స్ కుట్టే కళావతి గేటు బయటినుంచి చూస్తూ ఉండేది. పసితనంలోనే పోలియో వచ్చిన మనిషి. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. గల్లీలో ప్రతి గేటు రంగూ ఆమెకు తెలుసు, ఒక్క వంటిల్లూ తెలియదు. "నలుగురం ఎత్తుకుంటం రావే" అనేవాళ్ళకు లోటు లేదు. బియ్యం బస్తాలా వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు.

ఆమెకు ఉన్న ఒకే ఒక్క చుట్టరికం కిటికీ. పక్కింటి స్వరూప అటు, తను ఇటు, ఇరవై ఏళ్ళ మధ్యాహ్నాలు ఆ కిటికీలోనే గడిచాయి. స్వరూప వాళ్ళు ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటుకు ఇచ్చి, ఏడాది పాటు సైదాబాద్‌లో అద్దెకు వెళ్ళారు. గోడతో పాటు కిటికీ కూడా పోయింది. ఫోన్‌లో స్వరూప రోజూ మాట్లాడేది. కానీ పోపు వాసన ఫోన్‌లో రాదు. ఎవరి మీదనైనా చాడీ చెప్పేటప్పుడు ఆమె ముందుకు వంగే వంపు కూడా రాదు. కింది ఫ్లాటు స్వరూపకే అని తెలిసి కళావతి సంతోషించింది. కానీ ప్లాన్‌లో ఆరు మెట్లు గీశారని విని కుట్టు సూది తలగడకు గుచ్చేసి, ఆ రోజు మళ్ళీ ముట్టలేదు.

ఆ నక్షా పట్టుకొని బిల్డరు ప్రేమ్‌రాజ్ కొట్టుకొచ్చాడు. దీపం వత్తుల కోసం వచ్చిన కళావతి పక్కనే ఉంది.

"మెట్లు మస్తున్నయ్," అన్నారు వైకుంఠం గారు. "గంగ ఎట్లెక్కుతది?"

"ఆ రోజు చెక్కలేద్దాం సేట్."

"చెక్క మీద వచ్చిన లచ్చిమి చెక్కతోనే పోతది. సిమెంటుతోని ర్యాంపు కట్టు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడుగు."

"మూడడుగులకు ముప్పై ఆరడుగులా! ఆవు కోసం?"

"నడుమ ఆగి ఊపిరి తీసుకోనీకె జాగా. పక్కపొంటి కడ్డీ."

"ఆవు కడ్డీ పట్టుకుంటదా?"

"పట్టుకోనని నీకు చెప్పిందా? హాల్ల గుండ్రంగ తిరగనీకె అయిదడుగులు. గంగ ఎన్కకు నడవదు. బాత్రూం తలుపు మూడడుగులు."

"ఆవు బాత్రూంకు గిట్ల పోతదా సేట్!"

"పోకపోతే హాలు నువ్వు కడుగుతవా?"

అప్పుడే కూరగాయల ఎల్లయ్య రొప్పుతూ వచ్చాడు. "సేట్, ఏంది ఈ లొల్లి? మీ గంగ మూడు మెట్లెక్కొచ్చి నా గోబీ తిన్నది!"

ప్రేమ్‌రాజ్ మొహం వెలిగింది. వైకుంఠం గారు చలించలేదు. "అది ఆకలి. ఇది శాస్త్రం."

ఆవు తొక్కని ఫ్లాటు కొనేవాడు దొరకడని ప్రేమ్‌రాజ్‌కు తెలుసు. తిట్టుకుంటూనే కట్టాడు.

గృహప్రవేశం రోజున అందరూ వచ్చారు, గంగ తప్ప. వైకుంఠం గారు ఉత్త చేతులతో దిగారు.

"ఆవేది సేట్?" ప్రేమ్‌రాజ్ గొంతు కీచుమంది.

"దానికి ఇయ్యాల తీరిక లేదు." ఆయన గేటు దగ్గరున్న కళావతి వైపు తిరిగారు. "నడువు బిడ్డా."

కళావతికి చివుక్కుమంది. "ఆవు రాలేదని నన్ను పంపిస్తున్నవా కాకా?"

ఆయన వంగి, కొబ్బరికాయ అసలు ధర చెప్పేంత మెల్లగా చెప్పారు. "ఏడేండ్ల కింద నీ పేరు చెప్పే అడిగిన. 'ఒక్కతి కోసం ర్యాంపెందుకు, నలుగురం ఎత్తుకుంటం' అన్నరు. గంగ పేరు చెప్పిన. ఎవ్వడు నోరెత్తలే. గీ గల్లీల ఆవు చూడని ఇల్లు లేదు, నువ్వు చూసిన ఇల్లు లేదు. ఇయ్యాల నువ్వు చూసినంకనే అది చూస్తది."

కళావతి చక్రాల మీద చేతులు వేసింది. తొయ్యబోయిన ప్రేమ్‌రాజ్‌ను "చెయ్యి తియ్!" అని ఆయన గద్దించారు. ర్యాంపు మలుపు దగ్గర ఆమె కడ్డీ పట్టుకుని ఆగి ఊపిరి తీసుకుంది. పంతులు గారు గడియారం చూసి, మళ్ళీ చూసి, జేబులో పెట్టుకున్నారు. గడప లేని గుమ్మం దాటి, హాల్లో ఒక్క చుట్టు తిరిగి, ఆమె సోఫా వైపైనా చూడకుండా నేరుగా వంటింట్లోకి పోయింది.

"పోపు డబ్బా పొయ్యికి గంత దూరం పెట్టినవేందే?" అన్న మాట బయటి దాకా వినిపించింది.

చుట్టాలు తిని వెళ్ళిపోయారు. స్వరూప ముందుకు వంగి, ఏడాది పాటు దాచిన చాడీలన్నీ ఒక్కొక్కటిగా విప్పింది. నాలుగింటికి కళావతి "ఇగ పోతనే" అంది. అయిదింటికి మళ్ళీ అంది. ఒకరింటికి వెళ్తేనే కదా పోతానని అనడం! ఆ మాట నోటికి ఎంత రుచిగా ఉంటుందో నలభై ఏళ్ళకు తెలిసింది.

ఆరింటికి మూడోసారి అన్నప్పుడు, పొద్దుటినుంచి నిలబడే ఉన్న స్వరూప ఆవులిస్తూ, "పోతనంటవ్, పోవేందే?" అంది.

"పోత తియ్," అంది కళావతి, కుర్చీ బ్రేకు వేసుకుంటూ. "ఇంకో చాయ్ పెట్టు."