చిన్నాయన దాచుకున్న గొంతు

బీరువా తెరిస్తే మా ఇంటి మగ్గం మీద నేసిన పాత గద్వాల చీర మడతల్లోంచి ఇప్పటికీ గంజి వాసన వస్తుంది. అలాంటి వాసనకు అందరికీ అమ్మ గుర్తొస్తుందట. నా ఖర్మ కొద్దీ నాకు మా నర్సింలు చిన్నాయన గుర్తొస్తాడు, గుర్తొచ్చిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

మా నాయనకూ ఆయన తమ్ముడైన చిన్నాయనకూ కలిపి ఒకటే మగ్గం, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేసే గుంట మగ్గం. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచు పట్టు. అడ్డపోగు వేసే ప్రతి పోటుకూ ఆ రెండు దారాలనూ మెలివేసి కలపాలి కనుక ఒక్కడి చేతులు చాలవు, పక్కన రెండోవాడు కూర్చోవలసిందే. ఆ రెండోవాడు మా చిన్నాయన, ఇక చెప్పేదేముంది. తొలకరి పడితే గుంటలో చెమ్మ ఊరుతుంది, ఆలోపే చీర మగ్గం దిగాలని ఇంటిల్లిపాదీ తొందరపడుతుంటే, పిల్లలం కూడా ఆటలు మాని కండెలు చుడుతుంటే, సరిగ్గా అప్పుడే వీపనగండ్లలో పెండ్లి అనో వనపర్తిలో జాతర అనో ఎవరో వచ్చి పిలిచేవాళ్లు, ఈయన కండువా దులుపుకొని లేచేవాడు. నాటకాల కంపెనీ రాజుగారి రాగం, గ్రామఫోను పెట్టెలో పాడే అమ్మగారి గమకం, సంస్థానంలో పెద్ద దొర దగ్గు, తాలూకా కచేరీలో తహసీల్దారు ఉర్దూ గద్దింపు, అన్నీ ఆ ఒక్క గొంతులోంచే వచ్చేవి. జనం పడీపడీ నవ్వేవాళ్లు. ఇంటికి తెచ్చేది మాత్రం మోదుగాకులో కట్టిన నాలుగు భక్ష్యాలు. అవి నెయ్యి వాసనతో ఘుమఘుమలాడేవి కాబట్టి తిట్టడానికి కూర్చున్న అమ్మకూ నోరు వచ్చేది కాదు.

పోనీ ఇంట్లోనైనా మామూలుగా మాట్లాడేవాడా అంటే అదీ లేదు. సజ్జ రొట్టె అడగాలన్నా తహసీల్దారు గొంతే.

"ఇంట్ల మరిది ఎప్పుడుంటడో, తహసీల్దారు ఎప్పుడుంటడో తెల్వది" అని అమ్మ తల కొట్టుకునేది.

ఒక ఏడు ధరూరు పెండ్లిలో ఎవరో ఎగదోస్తే, మాకు పట్టూ జరీ ఇచ్చి నేయించుకునే సేటునే అనుకరించాడు, అదీ సేటు ముందు వరుసలో కూర్చుని ఉండగా. ముక్కుతో మాట, చీర మడత విప్పి లేని తప్పు వెతకడం, ఏదీ వదల్లేదు. పెండ్లివారు నవ్వారు, సేటూ నవ్వాడు. మర్నాడు పట్టు ఆపేశాడు. సగం నేసిన చీరతో మగ్గం నిలిచిపోయింది, కుండలో జొన్నలు అడుగంటాయి.

నాయన తమ్ముణ్ని రెక్క పట్టుకుని సేటు కొట్టుకు లాక్కుపోయాడు. నేనూ వెంటపడ్డాను.

"నీ గొంతుతోటి చెప్పు, తప్పయిందని" అన్నాడు నాయన. చిన్నాయన చేతులు కట్టుకుని నోరు తెరిచాడు. వచ్చింది మా నాయన గొంతు.

"జర దయ సూడు సేటూ. పిల్లలు గలోణ్ని. నువ్వు కాదంటే యాడికి పోత?"

నడుము వంగడం, మాట చివర గొంతు సన్నబడి ఆగిపోవడం, అచ్చం అవే. ఎగతాళికి చేయలేదు. సేటు ముందు బతిమాలుకోవడమంటే చిన్నాయన ఎప్పుడూ విన్నది ఆ ఒక్క గొంతే. సేటు మెత్తబడి పట్టు ఇచ్చాడు. ఇంట్లో అందరినీ హడలగొట్టే మా నాయన, బయట తానెలా వినబడతాడో ఆ రోజే విన్నాడు. ఇంటికొచ్చి మగ్గం గుంటలో దిగి కూర్చున్నాక, "నా గొంతు ఇంకెన్నడు జెయ్యకు" అన్నాడు. చిన్నాయన సరేనన్నాడు.

ఆ చీర తొలకరికి ముందే దిగింది. చిన్నాయన మాత్రం మారలేదు, మరుసటి జాతరకు మళ్లీ కండువా దులిపాడు.

ఎన్నో ఏండ్లకు నాయన పోయాక అమ్మ అడిగింది.

"నర్సింలూ, ఒక్కపారి మీ అన్న లెక్క నన్ను పిలువు."

"అన్నకు మాటిచ్చిన వదినా" అన్నాడు, తన సొంత గొంతుతో. ఏ మాట మీదా నిలబడని మనిషి, పోయి పోయి ఆ ఒక్క మాట మీద నిలబడ్డాడు. అమ్మ ఎంత ఏడ్చినా కరగలేదు.

ఇప్పుడు మా వీధిలో మగ్గం చప్పుడు లేదు. నిన్న మనవడు సినిమా హీరోల గొంతులన్నీ వినిపించి, "నీకు ఎవల గొంతు గావాలె అవ్వా?" అన్నాడు. చీర మడతపెట్టి బీరువా మూశాను. నాకు కావలసిన గొంతు ఒక్కడికే వచ్చేది. ఆ మొండిమనిషి దాన్ని తన వెంటే తీసుకుపోయాడు.