బట్టల పెట్టెకు కాపలా

మా పాప పుట్టిన నెలలోనే జ్వరం తగిలి ఖమ్మం దవాఖానాలో పది రోజులున్నది. ఇక లాభం లేదేమో అన్నట్టే డాక్టర్లు మాట్లాడారు. అప్పుడు మా అత్తమ్మ, పిల్ల బతికితే పుట్టువెంట్రుకలు భద్రాచలంలోనే తీయిస్తానని మొక్కుకుంది. పాప దక్కింది. ఆ దయకు ఈనాటికీ పొద్దున లేవగానే దండం పెట్టుకుంటాను.

మధిర దగ్గర పల్లెలో పొలం పనులు తప్ప వేరే లోకం చూడని మనిషి మా అత్తమ్మ. రాముడి కథలన్నీ నోటికొచ్చు. భద్రాద్రి రాముణ్ణి మాత్రం ఒక్కసారీ చూడలేదు. "దీని వెంట్రుకల పుణ్యమా అని నాకు దర్శనమైతది" అని పాపను ఒళ్ళో వేసుకుని రెండేళ్ళు ఎదురుచూసింది.

కొత్తగూడెంలో చుట్టాల పెళ్ళి పడితే, అది చూసుకుని అట్నుంచే భద్రాచలం పోయాం. పెళ్ళి కాబట్టి నా బంగారమంతా వెంట ఉంది. ట్రంకు పెట్టెలో బట్టల అడుగున సర్దింది అత్తమ్మే.

చీకటి పడేవేళకు గుడికి పోయే దారిలో ఒక లాడ్జిలో దిగాం. దుప్పటి మీద మాకు ముందున్నవాళ్ళ తలనూనె మరకలు. కుళాయి తిప్పితే గాలి. అన్నిటికన్నా చెడ్డది తలుపు. బయటి కొండి ఊడిపోయింది, తాళం వేద్దామంటే చోటు లేదు. మా ఆయన పోయి మేనేజరును పిలుచుకొచ్చాడు.

"కొండి కొట్టియ్యాలె, జల్దీ. పొద్దున్నే గుడికి పోవాలె మేము."

"కొండి కొట్టే వడ్లాయన ఊరికి పోయిండు సార్. రేపు మాపటికి వస్తడు."

"అప్పటికి మేముండం గద!"

"అయితే ఇంక కొండితోని మీకేం పని?" అని నవ్వి, నా వైపు తిరిగాడు. "భయమేందమ్మా, రాముడి ఊర్ల దొంగలుంటరా?"

"అంత నమ్మకమున్నోడివి నీ గల్లాపెట్టెకు తాళమెందుకేసినవ్ నాయనా?" అన్నది అత్తమ్మ. మేనేజరు మెట్లు దిగిపోయాడు. వేరే గది ఇయ్యమని అడిగితే, ఒక్కటీ ఖాళీ లేదని కింది నుంచే కేకేశాడు.

మర్నాడు పొద్దున్నే గోదావరి ఒడ్డున పాపకు గుండు చేయించి, గదిలో ఒకరుండేట్టు వంతులుగా స్నానాలు చేసి వచ్చాం. పక్క గదిలో నలుగురు మగవాళ్ళు తలుపు తెరిచి పేకాడుతున్నారు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మా గదిలోకి తొంగిచూస్తున్నారు. అది చూసి అత్తమ్మ పెట్టె మీద కూర్చుంది.

"మొక్కు పిల్లది. తల్లీ తండ్రీ పిల్లను ఎత్తుకపోయి చూపించుకరాండ్రి. మీరొచ్చినాక నేను పోత. ఈ తలుపును నమ్మి అందరం పోతే ఎట్లా?"

ఆ పెట్టెలో బంగారం లేదు.

నేను బడికి పోలేదు. మా అమ్మే వంటింట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది, రామాయణం చదివించింది. ప్రయాణంలో బంగారం ఎక్కడున్నదో కట్టుకున్నవాడికైనా చెప్పొద్దని నేర్పింది కూడా ఆమే. మా ఇళ్ళల్లో ఆడపిల్లలందరికీ అదే పాఠం. ఆ తెల్లవారుజామునే నేను నగలన్నీ తీసి గుడ్డసంచిలో వేసి, చీరె కుచ్చిళ్ళ లోపల నడుముకు కట్టుకున్నాను. అత్తమ్మకు చెప్పలేదు.

నిజం రాయాలంటే, అమ్మ చెప్పిందని ఒక్కటే కాదు. ముసలామె కూర్చున్నచోటే కునుకు తీస్తుందని నాకు లోపల ఒక చిన్నచూపు. చెవిలో ఒక్క మాట చెప్పి ఉంటే లేచి మాతో వచ్చేది. పక్కన మగవాళ్ళున్నారని, ఆమె గొంతు పెద్దదని, గంటలో వచ్చేస్తాం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని బయటికి నడిచాను.

గంట కాలేదు. లైను మెట్ల కిందిదాకా ఉంది. మా దర్శనమై వచ్చేసరికి మధ్యాహ్నమైంది, గుడి తలుపులు మూసేశారు. మళ్ళీ తెరిచేది మూడు దాటాకే. మా బస్సు రెండింటికి. దాని తరువాతి బస్సెక్కితే అడవిలోనే చీకటి పడుతుంది. ఆ రోజుల్లో పిల్లలతో, బంగారంతో పాల్వంచ అడవి దారిన చీకట్లో పోవడానికి అందరూ జంకేవాళ్ళు.

అత్తమ్మ అట్లాగే పెట్టె మీద కూర్చుని ఉంది. నీళ్ళు కావాలని రెండుసార్లు కేకేసిందట, ఎవరూ రాలేదట. పెట్టె వదిలి తను పోలేదు. నేను తెచ్చిన తీర్థం నోట్లో పోసుకుని, "గుడి మూసిన్రా?" అని అడిగింది.

"మళ్ళ మూడింటికమ్మా," అన్నాడు మా ఆయన. "ఈ రాత్రికి ఇక్కడే ఉందామా మరి?"

అత్తమ్మ తలుపు వైపు చూసింది. "ఈ కొంపలనా? వద్దు బిడ్డా. అంత బంగారం పెట్టుకుని ఇంకో రాత్రా? నడువుండ్రి. ఆయన యాడికి పోతడు, మళ్ళొద్దాం."

అప్పుడైనా చెప్పొచ్చు. బంగారం నా నడుముకే ఉంది, మీరు నిశ్చింతగా దర్శనం చేసుకోండి, రేపు పోదామనొచ్చు. పొద్దున ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనని నోరు రాలేదు. బస్సులో ఆమె గుడి శిఖరం వైపు తిరిగి, కనపడినంతసేపు చేతులు జోడించే ఉంది.

ఇంటికొచ్చాక ఎవరూ చూడకుండా నగలు బీరువాలో పెట్టాను. అత్తమ్మ మాత్రం వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంది. "నాకు దర్శనం కాలేదు గని, కోడలి బంగారం గురిగింజంత పోకుండ కాసిన." వింటూ నేను వంటింట్లోకి పోయేదాన్ని.

మళ్ళీ పోవడం పడలేదు. ఒక ఏడు పత్తి పని, ఒక ఏడు మరిది పెళ్ళి. ఆ తరువాత ఆమెకు పక్షవాతం వచ్చింది. మంచంలో మూడేళ్ళున్నా నన్ను ఒక్క కఠినమైన మాట అనలేదు. అటువంటి అత్త దొరకడం నా అదృష్టం.

ఒకరోజు జావ తాగిస్తూ ధైర్యం చేశాను.

"అత్తమ్మా, భద్రాచలంల ఆ రోజు..."

మాట ముద్దగా వచ్చేది ఆమెకు. అయినా ముఖం వెలిగింది. "అవ్... పెట్టె మీదికెల్లి కన్ను గూడ మలపలేదు బిడ్డా నేను," అన్నది.

చెంచా మళ్ళీ నోటికందించాను.