అటక మీంచి రాలిన ఇసుక

అమ్మాయి చూచిరాత పుస్తకం మీద సన్నగా ఇసుక రాలింది. ఊదేసుకుంది, మళ్ళీ రాలింది. మూడు రోజుల్లో మొదటిసారి నేను తల ఎత్తి చూశాను. అటక గోడను కలిసేచోట పగులు. నా వేలు దూరేటంత.

ఇవాళ అద్దెకు చూసిన ఇంట్లో, అటక చాలా పెద్దదండి అని ఇంటావిడ మురిపెంగా చూపిస్తుంటే, ఏడేళ్ళనాటి ఆ సాయంత్రమే కళ్ళముందు నిలిచింది. అప్పుడు తెనాలిలో మాది ఒకటిన్నర గది వాటా. చిన్న ఇల్లు విశాలంగా కనిపించాలంటే నేల ఖాళీగా ఉండాలని ఏదో వారపత్రికలో చదివి, డిగ్రీ చదివినదాన్ని కదా, ఇంటిని నేనే తీర్చిదిద్దుతానని పూనుకున్నాను. గోడలకు తెల్లరంగు, కిటికీకి పల్చటి తెర, తలుపుకెదురుగా అద్దం. మిగిలిన సామానంతా, చెరుకుపల్లి నుంచి అమ్మ పంపిన బియ్యం బస్తా, ఇత్తడి బిందెలు, చిన్న రోలుతో సహా, మావారిచేత అటకెక్కించాను. వచ్చినవాళ్ళు ఇల్లు ఎంత పెద్దదైందోనంటే పొంగిపోయేదాన్ని.

అందుకే ఆ నున్నటి నేల మీద ఇసుక కనబడగానే ఒళ్ళు మండింది. ఆడుకుని కాళ్ళు కడుక్కోకుండా వస్తోందని అమ్మాయిని తిట్టాను. నేను తేలేదమ్మా అంటే, అబద్ధం కూడానా అని రెండోరోజు చెయ్యి చేసుకున్నాను. ఆ తర్వాత ఆ ఆరేళ్ళ పిల్ల గుమ్మం బయటే పాదాలు కడిగి, గౌనుతో తుడుచుకుని, మునివేళ్ళ మీద లోపలికి వచ్చేది.

పగులు చూడగానే అమ్మాయినీ, పక్కనే ఆడుకుంటున్న దాని తమ్ముడినీ చెరో రెక్కా పట్టుకుని వసారాలోకి లాగాను. వెనకాలే అటక కూలింది. పుస్తకం ఉన్నచోట రోలు పడింది.

బాపట్ల ఆఫీసు నుంచి వచ్చిన మావారు తాపీమేస్త్రిని పిలుచుకొచ్చారు. మేస్త్రి రోలు చూసి ఊరుకోలేదు.

“ఏంటమ్మా ఇది! దుప్పట్లు పెట్టుకునే అటక మీద రోలెక్కించారా? ఇల్లు పెద్దదవ్వాలని సామానంతా పిల్లల నెత్తిన పెట్టారన్నమాట.”

“తెలీలేదండి.”

“ముందునుంచీ ఇసుక రాలే ఉంటదే. చూళ్ళేదా?”

అమ్మాయి నావైపు చూడలేదు. తన పాదాలకేసి చూసుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో సామానంతా నేల మీదే, తగులుకుంటూ నడుస్తాం. ఇరుకనిపించదు. కానీ పదమూడేళ్ళ మా అమ్మాయి ఇప్పటికీ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి అరికాళ్ళు చూసుకునే లోపలికొస్తుంది. ఆ అలవాటు నేను నేర్పిందే. అటక కూలిన మర్నాడు పొద్దున్న నేను చెప్పిన మాట దాన్ని మాన్పలేకపోయింది. చద్దన్నం కలిపి పెడుతూ ఇద్దరికీ చెప్పాను:

“ఇసుక అక్క తేలేదురా, అమ్మే తెచ్చింది. ఇవాళ్టినుంచి మీరు కాళ్ళు కడుక్కోకపోయినా సరే, పరుగెత్తుకుంటూ వచ్చేయండి.”