ఊట నీళ్లు రంగు మారాయి

మీ కుళాయికి నీళ్లిచ్చే చెరువు గట్టు కింద మీరెప్పుడైనా నిలబడి చూశారా? నేను చూశాను. చూసి, తప్పుడు ధైర్యం చెప్పి వచ్చాను. అందుకే ఈ రెండో ప్రయాణం.

ఉదయం ఆరుంపావుకి కొవ్వూరులో జంగారెడ్డిగూడెం బస్సెక్కాను. పక్క సీట్లో పామాయిల్ రైతు. నేను వెళ్లే చోటు చెబితే, "ఆ మట్టి గట్టా? మా తాతల నాటిదండి. దానికేం అవుద్ది?" అన్నాడు. పాతదైతే చాలు, గట్టిదని నమ్మేస్తాం.

ఎనిమిదిన్నరకి దిగి, స్టాండు ఎదుట ఇడ్లీ తిని, షేర్ ఆటోలో చెరువు చేరేసరికి పది.

నిరుడు ఈ గట్టు అడుగున నీళ్లు ఊరితే గంగమ్మ వెలిసిందన్నారు. పసుపు కుంకుమ పెట్టి, సీసాల్లో పట్టుకెళ్లారు. సైన్సు మాస్టార్ని కదా, నేనొచ్చి మైకులో, "మహిమ కాదు, మట్టి గట్టుకి ఊట మామూలే" అన్నాను. చప్పట్లు కొట్టారు. గెలిచానని వెళ్లిపోయాను.

ఊటకి యాభై అడుగుల దిగువన మంగతాయారు గారి ఇల్లు. టిఫిన్ బండి నడుపుతారు. ఫోన్ చేసి రమ్మన్నది ఆవిడే. గాజు సీసా ఒకటి నా ముందు పెట్టారు. నిన్న పట్టిన ఊట నీళ్లు. అడుగున వేలిమందాన ఎర్రమట్టి.

"నిరుడు కొబ్బరినీళ్లలా ఉండేవండి. వారం నుంచి ఇలా."

"ఇరిగేషన్ ఆఫీసులో చెప్పారా?"

"చెప్పాను. మాస్టారే మామూలన్నారు కదా అని ఇంజనీరు గారు నవ్వి పంపేశారు. గంగమ్మ అనుకున్నన్నాళ్లూ రోజూ వెళ్లి చూసేవాళ్లమండి. మీరొచ్చి చెప్పాక చూడ్డం మానేశాం."

ఊట తేటగా ఉన్నంతవరకు సరే. మట్టి వస్తోందంటే నీరు గట్టుని లోపల్నుంచి తినేస్తోందన్నమాట. ఆ సంగతి నిరుడు నాకు తెలియదు. తెలియదని చెప్పనూ లేదు. ఇంతకంటే మూఢత్వం ఉందా?

సీసా పట్టుకుని ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం. "నిరుడు నేనన్నది తప్పు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఇంజనీరు సీసాని వెలుగులోకి ఎత్తి చూశాడు. ఈసారి నవ్వలేదు. సాయంత్రం వస్తానన్నాడు. కాగితం అందినట్టు రసీదు చేతికొచ్చేసరికి మూడు.

"గట్టు సంగతి తేలేదాకా ఇల్లు వదిలెళ్లండి" అన్నాను ఆవిడతో.

"పిల్లల్ని అక్క ఇంటికి పంపేశానండి. బండి వదిలి నేనెక్కడికి పోను?"

నాలుగున్నర బస్సెక్కాను. వచ్చేముందే ఇంకో సీసా నింపి ఇచ్చారావిడ. కుదుపులకి అందులో నీళ్లు దారంతా ఎర్రగానే ఉన్నాయి. కొవ్వూరులో గోదారి కనిపించినా నా చూపు సీసా మీదే.

రేపు పొద్దున్నే మీ చెరువు గట్టు కిందికి వెళ్లండి. ఊట ఉంటే గాజు సీసాలో పట్టి, ఒక పూట కదపకుండా ఉంచండి. అడుగున మట్టి చేరితే ఆఫీసుకి తీసుకెళ్లి, రసీదు ఇచ్చేదాకా కదలకండి. మామూలేనని ఎవరన్నా నమ్మకండి. నేనన్నా సరే.